అరగంటకొక అంకె: స్మార్ట్ మీటరు లెక్కల మీద ఒక విమర్శ

మన ఇళ్ళలో విద్యుచ్ఛక్తిని కొలిచే మీటరు చాలాకాలం ఒకే ఒక పని చేస్తూ వచ్చింది. అల్యూమినియం పళ్ళెం ఒకటి లోపల తిరుగుతూ, పళ్ళచక్రాలను తిప్పుతూ, మొత్తం ఎన్ని యూనిట్లు ఖర్చయినదీ చూపేది. తరవాత పళ్ళెం పోయి, దాని స్థానంలో మిణుకు మిణుకుమనే ఎర్రదీపంతో ఎలక్ట్రానిక్ మీటరు వచ్చింది. అయినా నెలకొకసారి మనిషి వచ్చి అంకె చూసుకుపోవడం మాత్రం మారలేదు. అంటే, ఒక ఇంటిని గురించి విద్యుత్ సంస్థకు ఏడాది పొడుగునా తెలిసేవి పన్నెండు అంకెలు. స్మార్ట్ మీటరు ఈ లెక్కను తారుమారు చేసింది. అది సాధారణంగా పావుగంటకో అరగంటకో ఒకసారి తనంతట తానే కొలుచుకుని, ఆ అంకెను జ్ఞాపకం ఉంచుకుని, రేడియో సంకేతాల ద్వారానో సెల్‌ఫోను జాలం ద్వారానో కేంద్రానికి పంపుతుంది. అరగంటకొకటి చొప్పున రోజుకు 48 అంకెలు, ఏడాదికి 17,520. పన్నెండెక్కడ, పదిహేడువేల అయిదువందల ఇరవై ఎక్కడ!

ఇంత అంకెల రాశి చేతికి వస్తే విద్యుత్ వ్యవస్థ నిర్వహణ దానంతట అదే బాగుపడుతుందనే మాట ఈ మధ్య తరచుగా వినబడుతున్నది. ఈ మాటను ఊరికే ఒప్పుకోవడం గాని, ఊరికే కొట్టివేయడం గాని శాస్త్ర పద్ధతి కాదు. ఏ అంకె ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలదో, దేనికి చెప్పలేదో విడదీసి చూడాలి. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీటరు ‘ఎంత’, ‘ఎప్పుడు’ అనే రెండింటినీ చక్కగా చెబుతుంది. ‘ఎక్కడ’ అనేది చెప్పదు. అంటే, ఆ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మరు కింద, ఏ ఫేజు తీగ మీద ఉన్నదో దానికి తెలియదు. పంపిణీ వ్యవస్థను నడిపేవారికి ఆ మూడోది లేకుండా మొదటి రెండూ ఉన్నా, వాటి విలువలో చాలా భాగం బిల్లు దగ్గరే ఆగిపోతుంది.

మన దేశంలో ఈ పని ఎంత పెద్దదో ముందు చూద్దాం. 2021లో కేంద్ర ప్రభుత్వం ఆమోదించిన పంపిణీ రంగ సంస్కరణ పథకం అంచనా వ్యయం 3,03,758 కోట్ల రూపాయలు. దానిలో 25 కోట్ల ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలన్నది లక్ష్యం. ఇళ్ళకూ దుకాణాలకూ మాత్రమే గాక, వీధి ట్రాన్స్‌ఫార్మర్లకూ, సబ్‌స్టేషను నుంచి బయలుదేరే ఫీడర్లకూ కూడా మీటర్లు పెట్టాలని పథకంలో ఉన్నది. ఇది మెచ్చుకోవలసిన విషయం. ఎందుకో ముందు ముందు తేలుతుంది. 2025 మార్చి నాటికి ఇళ్ళ మీటర్లలో చిన్న భాగం మాత్రమే బిగించగలిగారు. ఆలస్యం సంగతి అట్లా ఉంచి, ఈ పథకం తన విజయాన్ని ఏ కొలతతో కొలుచుకుంటున్నదో అది ముఖ్యం. దేశం మొత్తం మీద ‘సాంకేతిక, వాణిజ్య నష్టాల మొత్తం’ 12 నుంచి 15 శాతానికి దించాలన్నది దాని ప్రధాన కొలత.

ఈ కొలత పేరులోనే రెండు జబ్బులు కలిసి ఉన్నాయి. మాట వరసకు, ఒక ప్రాంతానికి 100 యూనిట్లు పంపారనుకుందాం. వాటిలో 85 యూనిట్లకు బిల్లులు వెళ్ళాయి. తక్కిన 15 యూనిట్లలో కొంత తీగలలో వేడిగా పోయింది, కొంత దొంగతనంగా పోయింది. ఆ బిల్లులలో నూటికి 90 వంతులు మాత్రమే వసూలయినాయి. 85లో 90 వంతులంటే 76.5. కనుక నష్టం 23.5 శాతం అని లెక్క వేస్తారు. ఇప్పుడు ప్రీపెయిడ్ మీటర్లు పెట్టి, ముందు డబ్బు, తరవాత కరెంటు అన్నారనుకోండి. వసూలు నూటికి నూరయింది. నష్టం ఒక్కసారిగా 15 శాతానికి దిగింది. సంస్థ ఖజానాకు ఇది మేలే, కాదనను. కాని తీగలలో వేడి ఒక్క పిసరు తగ్గలేదు. ట్రాన్స్‌ఫార్మరు నిన్న ఎంత మరిగిందో నేడూ అంతే మరుగుతున్నది. కొలత మెరుగయింది, వ్యవస్థ మాత్రం ఉన్నచోటనే ఉన్నది. ఒకే అంకెలో ఉష్ణశాస్త్రాన్నీ బాకీల ఖాతానూ కలిపితే వచ్చే చిక్కు ఇది. ఈ రెండింటినీ వేరుచేసి ప్రకటించనంత కాలమూ స్మార్ట్ మీటర్ల వల్ల ‘నష్టాలు తగ్గాయి’ అనే వార్త చదివినప్పుడు, ఏ నష్టాలు అని విద్యార్థులు అడగడం అలవాటు చేసుకోవాలి.

మరొక పొరపాటు మాట కూడా తొలగించుకోవాలి. గ్రిడ్ అంటే చాలామందికి దేశమంతటినీ కలిపే ఎత్తయిన స్తంభాల వ్యవస్థ గుర్తుకు వస్తుంది. దాన్ని నడిపేవారు అనుక్షణం చూసేది పౌనఃపున్యం. సెకనుకు 50 ఆవర్తాల దగ్గర, 49.90కీ 50.05కీ మధ్య దాన్ని నిలపాలని మన గ్రిడ్ నియమావళి చెబుతుంది. ఆ పని సెకన్లలో జరగాలి. మన మీటర్లను దూరం నుంచి రోజుకు కనీసం ఒకసారి చదవాలన్నది నియమం. అంటే నిన్న సాయంత్రం సంగతి ఈ రోజు తెలిసినా నియమం నెరవేరినట్లే. నిన్నటి అంకెతో ఈ క్షణపు పౌనఃపున్యాన్ని ఎవరూ దిద్దలేరు. 2012 జూలై 30, 31 తేదీలలో ఉత్తర భారతంలో గ్రిడ్ కుప్పకూలినప్పుడు ఇంటింటా స్మార్ట్ మీటరు ఉన్నా ఆపగలిగేది కాదు. కనుక స్మార్ట్ మీటరు లెక్కలకు పని ఉన్నది పెద్ద గ్రిడ్‌లో కాదు. సబ్‌స్టేషను నుంచి మన గుమ్మం వరకూ వచ్చే చివరి అంచెలో. ఆ అంచెను గురించి ఇంతకాలమూ ఇంజనీర్లకు తెలిసింది చాలా తక్కువ.

ఆ చివరి అంచెలో అరగంట సగటు దేనికి పనికివస్తుంది? నీళ్ళు కాచే కెటిలు ఒకటి 2 కిలోవాట్లది అనుకుందాం. మూడు నిమిషాలు పనిచేస్తే అది వాడుకునేది 0.1 యూనిటు. అరగంట మీద దాన్ని పరిస్తే 0.2 కిలోవాట్లు మాత్రమే. మీటరు పంపిన అంకెలో ఆ రెండు కిలోవాట్ల శిఖరం చదును అయిపోయింది. అట్లాగే మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకు అయిదారు రెట్లు లాగుతుంది. ఆ క్షణం కూడా అరగంట సగటులో కనబడదు. ఫ్యూజు ఎందుకు పోయిందో ఈ అంకెను చూసి చెప్పలేం. కాని ట్రాన్స్‌ఫార్మరు సంగతి వేరు. దానిలో వందల లీటర్ల నూనె ఉండవచ్చు. అంత నూనె వేడెక్కడానికి కొన్ని గంటలు పడుతుంది. మూడు నిమిషాల కెటిలు దానికి దోమకాటు. నాలుగు గంటల పాటు ఎడతెగకుండా నడిచిన ఎయిర్ కండిషనర్లే దాన్ని కాలుస్తాయి. ఆ నాలుగు గంటలను అరగంట అంకెలు చక్కగా పట్టుకుంటాయి. కొలత కాలవ్యవధి, కొలవబడే వస్తువు వేడెక్కే కాలవ్యవధికి సరిపోయినప్పుడే అంకెకు అర్థం ఉంటుంది.

ఇక్కడే స్మార్ట్ మీటరు అసలైన గొప్పతనం ఉన్నది. ఒక ట్రాన్స్‌ఫార్మరు కింద 50 ఇళ్ళు ఉన్నాయనీ, ఒక్కొక్క ఇల్లు తన రోజులో ఎప్పుడో ఒకప్పుడు 3 కిలోవాట్లదాకా వాడుతుందనీ అనుకుందాం. యాభై మూళ్ళు నూటయాభై. నూటయాభై కిలోవాట్లకు సరిపడే ట్రాన్స్‌ఫార్మరు పెట్టాలా? అక్కరలేదు. ఒకరింట ఇస్త్రీ జరిగేవేళ మరొకరింట మిక్సీ తిరుగుతుంది, మూడో ఇంటివాళ్ళు ఊళ్ళోనే ఉండరు. అందరి శిఖరాలూ ఒకే క్షణాన రావు. అన్నీ కలిసిన శిఖరం బహుశా అరవై కిలోవాట్లే కావచ్చు. ఈ నిష్పత్తిని, అంటే 150ని 60తో భాగించగా వచ్చే రెండున్నరను, వైవిధ్య గుణకం అంటారు. ఇన్నాళ్ళూ దీన్ని అనుభవం మీద, పట్టికల మీద ఊహించేవారు. వేసవి రాత్రులలో ఎయిర్ కండిషనర్లు వచ్చి ఈ గుణకాన్ని తలకిందులు చేస్తున్నాయి. ఇస్త్రీపెట్టె వంతులు వేసుకుంటుంది గాని, ఉక్కపోత వీధి మొత్తానికీ ఒకేసారి వస్తుంది. పాత పట్టికను నమ్ముకుని బిగించిన ట్రాన్స్‌ఫార్మరు మే నెలలో కాలిపోవడానికి ఇదొక కారణం. అరగంట అంకెలను ట్రాన్స్‌ఫార్మరువారీగా కూడితే ఊహతో పని లేకుండా ఆ గుణకం తెలిసిపోతుంది, కాలిపోయే ముందే.

ట్రాన్స్‌ఫార్మరువారీగా కూడితే, అన్నాను. చిక్కంతా ఆ మాటలోనే ఉన్నది. ఏ మీటరు ఏ ట్రాన్స్‌ఫార్మరుదో తెలిస్తే కదా కూడడం!

ఆఫీసు రిజిస్టరులో ఒక మాట ఉంటుంది. స్తంభం మీద మరొకటి ఉంటుంది. ఏ తుపాను రాత్రో తీగ తెగితే, లైన్‌మన్ ఆ ఇంటిని పక్క లైనుకు కలిపి వెళతాడు. వెలుగు రావడం ముఖ్యం కదా. రిజిస్టరు దిద్దడం తరవాతి సంగతి, ఆ ‘తరవాత’ రాకపోనూవచ్చు. ట్రాన్స్‌ఫార్మరు మారకపోయినా ఫేజు మారి ఉండవచ్చు. మూడు ఫేజుల తీగలూ, నాలుగోదిగా న్యూట్రల్ తీగా వీధి వెంట పోతుంటాయి. మామూలు ఇంటికి వచ్చేది ఆ మూడింటిలో ఒకటి. ఏది అన్నది చాలా చోట్ల ఏ కాగితం మీదా ఉండదు.

ఏ ఫేజయితేనేం అనిపించవచ్చు. లెక్క వేసి చూద్దాం. తీగలో వేడి కరెంటు వర్గానికి అనుపాతంలో ఉంటుందని పదోతరగతి విద్యార్థికి తెలుసు. మూడు ఫేజులలోనూ సమానంగా 20 ఆంపియర్ల చొప్పున ప్రవహిస్తున్నదనుకోండి. వర్గాలు 400, 400, 400, వెరసి 1200. మూడూ సమానం గనుక న్యూట్రల్ తీగలో కరెంటు ఉండదు. అదే 60 ఆంపియర్లను 40, 10, 10 గా పంచామనుకోండి. వర్గాలు 1600, 100, 100, వెరసి 1800. పైగా ఇప్పుడు న్యూట్రల్‌లో 30 ఆంపియర్లు ప్రవహిస్తాయి. దాని నిరోధం తక్కిన తీగలతో సమానమే అనుకున్నా మరొక 900. మొత్తం 2700. అంటే అదే వీధి, అవే ఇళ్ళు, అవే బిల్లులు. నష్టం మాత్రం రెండుంపావు రెట్లు! పది ఇళ్ళను ఒక తీగ మీద నుంచి మరొక తీగ మీదికి మార్చితే చాలు, ఈ నష్టం పోతుంది. నిచ్చెన ఒకటి, లైన్‌మన్ ఒకడు, ఒక పూట పని. కొత్త తీగ అక్కరలేదు, కొత్త ట్రాన్స్‌ఫార్మరూ అక్కరలేదు. ఏ పది ఇళ్ళు అన్నది తెలియాలి, అంతే.

ఆ తెలివి స్మార్ట్ మీటరు అంకెలలోనే దాగి ఉండడం నాకు అన్నింటికన్నా సంతోషం కలిగించే విషయం. మీటరు యూనిట్లతోపాటు అరగంట సగటు వోల్టేజిని కూడా రాసి ఉంచుతుంది. ఒక ఫేజు మీద పెద్ద భారం పడితే, ఆ ఫేజు మీద ఉన్న ఇళ్ళన్నిటిలోనూ వోల్టేజి ఒకేసారి దిగుతుంది. తక్కిన ఫేజుల ఇళ్ళలో దిగదు, ఒక్కొక్కప్పుడు కొంచెం పెరగనూ పెరుగుతుంది. కొన్ని వారాల పాటు ఈ ఎగుడు దిగుళ్ళను పక్కపక్కన పెట్టి చూస్తే, కలిసి ఊగే మీటర్లు మూడు జట్లుగా విడిపోతాయి. ఒకే కొమ్మ మీద కూర్చున్న పక్షులు ఆ కొమ్మ ఊగినప్పుడు కలిసి ఊగినట్లు. గణితంలో దీన్ని సహసంబంధం అంటారు. ఎవరూ స్తంభం ఎక్కకుండానే ఫేజుల పటం చాలావరకు తయారవుతుంది. ఇదే పద్ధతితో పొరుగు ట్రాన్స్‌ఫార్మరుకు చెందిన ఇంటిని కూడా పసిగట్టవచ్చు. దీనికి కావలసిన కొలత మన మీటర్లలో ఉన్నది. ప్రతి మీటరు నుంచీ వోల్టేజి అంకె సక్రమంగా తెప్పించుకోవడం, దాన్ని పారవేయకుండా దాచడం, దాని మీద పనిచేసే ఇంజనీరుకు తీరిక ఇవ్వడం, ఈ మూడూ జరగాలి. బిల్లుకు వోల్టేజి అక్కరలేదు గనుక, బిల్లు కోసమే మీటరు పెట్టిన చోట మొదట నిర్లక్ష్యానికి గురయ్యేది ఆ అంకెే.

పటం తప్పయితే నష్టపోయేది నూనె, రాగి మాత్రమే కాదు. మనుషులు కూడా. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఒక మీటరు, ఇళ్ళకు మీటర్లు ఉన్నప్పుడు తీసివేత లెక్క ఒకటి వేస్తారు. పంపినది ఎంత, ఇళ్ళకు చేరినది ఎంత, తేడా ఎంత? ఒక ట్రాన్స్‌ఫార్మరు 100 యూనిట్లు పంపితే ఇళ్ళ మొత్తం 88 వచ్చిందనుకుందాం. పన్నెండు యూనిట్లు ఏమయినట్లు? ఆ వీధిలో దొంగతనం జరుగుతున్నదని కంప్యూటరు ఎర్రగీత గీస్తుంది. తనిఖీ బృందం బయలుదేరుతుంది. పక్క వీధి ట్రాన్స్‌ఫార్మరును కూడా చూసే ఓపిక ఉంటే వింత ఒకటి బయటపడుతుంది. అక్కడ కూడా పంపినది 100, ఇళ్ళ మొత్తం మాత్రం 104! పంపినదానికంటె చేరినది ఎక్కువ. శక్తి నిత్యత్వ సూత్రం తెలిసిన ఎవరికయినా పటం తప్పని అర్థమవుతుంది. మొదటి వీధికి చెందిన 8 యూనిట్ల ఇళ్ళు రిజిస్టరులో రెండో వీధి కింద రాసి ఉన్నాయి. దిద్దితే రెండు చోట్లా చేరినది 96, నష్టం 4. దొంగ లేడు. దొంగతనాలు లేవనడం లేదు. ఉన్నాయి, వాటిని పట్టుకోవడానికి ఈ లెక్క మంచి సాధనమే. కాని రుణ నష్టం చూపే వీధులను ముందు దిద్దకుండా, ధన నష్టం చూపే వీధుల మీదికి మనుషులను పంపడం లెక్కల పద్ధతీ కాదు, న్యాయమూ కాదు. రెండు మీటర్ల గడియారాలు కొద్ది నిమిషాలు తేడాగా ఉన్నా, కొన్ని మీటర్ల అంకెలు రాకపోయినా కూడా ఇట్లాంటి భ్రమే కలుగుతుంది.

కరెంటు పోయిన సంగతి తెలుసుకోవడంలో మీటరు చేసే మేలు గురించి ఒక్క మాట. సరఫరా ఆగగానే, లోపల దాచుకున్న కొద్దిపాటి విద్యుదావేశంతో మీటరు ‘ఇక్కడ పోయింది’ అని ఒక ఆఖరి సంకేతం పంపగలదు. ఏ ఏ మీటర్లు ఒకేసారి మూగబోయినాయో చూస్తే తెగినది ఎక్కడో ఊహించవచ్చు. మళ్ళీ పటం సరిగా ఉంటేనే.

ఇక వాడుకునే వేళలను మార్పించే సంగతి. సాయంత్రం అందరూ ఒకేసారి వాడకుండా, వేళను బట్టి ధర పెడితే శిఖరం తగ్గుతుందని చెబుతారు. దీనికి ఐర్లండ్ ప్రయోగాన్ని తరచుగా ఉదహరిస్తారు. 2009, 2010 సంవత్సరాలలో అక్కడి నియంత్రణ సంస్థ అయిదు వేలకు పైగా ఇళ్ళలో, వ్యాపారాలలో అరగంట మీటర్లు పెట్టి పరీక్షించింది. ఇళ్ళలో మొత్తం వాడకం 2.5 శాతం, సాయంత్రపు శిఖరవేళ వాడకం 8.8 శాతం తగ్గినట్లు తేలింది. ఈ ప్రయోగాన్ని నేను మెచ్చుకుంటాను. ధర మార్చకముందు వాడకాన్ని కొలిచిపెట్టుకున్నారు. ధర మార్చని ఇళ్ళను పోలిక కోసం వేరుగా ఉంచుకున్నారు. ఆ తరవాత పేర్లు తీసివేసి అంకెలను పరిశోధకులకు అందుబాటులో పెట్టారు. లండన్‌లో 2011 నవంబరు నుంచి 2014 ఫిబ్రవరి వరకు 5,567 ఇళ్ళలో జరిపిన ప్రయోగం కూడా ఇట్లాంటిదే. అక్కడ 2013లో సుమారు 1,100 ఇళ్ళకు ధరను ముందురోజు చెప్పి మార్చేవారు. యూనిటు మామూలు ధర 11.76 పెన్నీలు, గిరాకీ వేళ 67.20, తీరిక వేళ 3.99.

ప్రయోగం మంచిదే, దాని అంకెను దేశం దాటించి తేవడంలోనే పొరపాటు. ఐర్లండ్ శిఖరం చలికాలపు సాయంత్రానిది, వంటదీ, దీపాలదీ. గుడ్డలు ఉతికే యంత్రాన్ని గంట ఆలస్యంగా తిప్పితే అక్కడ ఎవరికీ బాధ లేదు. విజయవాడలో మే నెల రాత్రి ఎయిర్ కండిషనరును గంట ఆపమంటే ఎంతమంది ఆపుతారు? పైగా అక్కడ చేరినవారు స్వచ్ఛందంగా చేరినవారు. మన దేశంలో 2023లో సవరించిన వినియోగదారుల హక్కుల నియమాలు సూర్యకాంతి ఉన్న వేళలలో ధర కనీసం 20 శాతం తక్కువగాను, శిఖర వేళల్లో వ్యాపార, పరిశ్రమలకు కనీసం 20 శాతం, వ్యవసాయం కాని తక్కినవారికి కనీసం 10 శాతం ఎక్కువగాను ఉండాలన్నాయి. పగటిపూట సౌర విద్యుత్తు మిగిలిపోతున్న కాలంలో ఇది తెలివైన ఆలోచనే. నీళ్ళ ట్యాంకు నింపే మోటారును మధ్యాహ్నానికి మార్చవచ్చు. కాని లండన్ ధరలలో ఎక్కువకూ తక్కువకూ మధ్య పదహారు రెట్లకు పైగా తేడా ఉన్నదని మరవరాదు. పది శాతం తేడాకు మన ఇళ్ళు ఎంత కదులుతాయో ఐర్లండ్ అంకె చెప్పదు, లండన్ అంకె చెప్పదు. మన వీధులలో, మన వేసవిలో, పోలిక ఇళ్ళను పెట్టుకుని కొలిచి ప్రకటించవలసిందే.

అరగంట అంకెలు ఇంటి గుట్టు చెబుతాయన్న భయం కూడా ఉన్నది. అది ఊరికే పుట్టిన భయం కాదు. అమెరికాలో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో పనిచేసిన జార్జి హార్ట్, ఇంటి మొత్తం వాడకంలో వచ్చే మెట్లను బట్టి లోపల ఏ పరికరం ఎప్పుడు వేశారో చెప్పే పద్ధతిని 1980ల్లో రూపొందించాడు. ఇది నిఘాకు సాధనం కాగలదని 1989లో తానే హెచ్చరించాడు కూడా. ఆ పద్ధతికి సెకన్ల స్థాయి కొలతలు కావాలి. అరగంట సగటులో ఫ్రిజ్ కనబడదు. కాని ఇంట్లో మనుషులున్నారా, ఊరు వెళ్ళారా అన్నది అరగంట అంకె నుంచి కూడా సులభంగా తెలుస్తుంది. 2009లో నెదర్లాండ్స్ పార్లమెంటు ఎగువసభ స్మార్ట్ మీటరును నిర్బంధం చేసే చట్టాన్ని ఒప్పుకోకపోవడానికి ఈ గోప్యతే ప్రధాన కారణం. గమనించవలసిందేమంటే, పైన చెప్పిన పనులలో చాలావాటికి ఒక్కొక్క ఇంటి చరిత్ర అక్కరలేదు. ట్రాన్స్‌ఫార్మరు భారానికి యాభై ఇళ్ళ మొత్తం చాలు. ఫేజు పటానికి వోల్టేజి చాలు, యూనిట్లు అక్కరలేదు. గ్రిడ్ కోసం అంకెలు తీసుకుంటున్నామనేవారు గ్రిడ్‌కు కావలసినంతే తీసుకుంటే తగాదా చాలావరకు తీరుతుంది.

తెలుగుదేశంలో ఈ ప్రశ్న అన్నిచోట్లకన్నా తీవ్రంగా తలెత్తింది పొలాలలో. వ్యవసాయ పంపుసెట్లకు ఉచిత విద్యుత్తు 2004లో మొదలయింది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల సరఫరా ఇచ్చారు. బిల్లు లేనిచోట మీటరు లేదు. మరి పంపుసెట్లు ఎంత వాడుకుంటున్నాయో ఎట్లా చెప్పారు? వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మర్లలో కొన్నింటిని నమూనాగా ఎంచుకుని, వాటికి మీటర్లు పెట్టి, హార్స్‌పవరుకు ఇంత అని సగటు కట్టి, దాన్ని మొత్తం పంపులకు హెచ్చవేసి అంచనా వేస్తూ వచ్చారు. భారత గణాంక సంస్థ సూచించిన పద్ధతి అది. నమూనా సరిగా ఎంచితే పద్ధతిలో తప్పు లేదు. కాని ఆ అంచనాలో ఎంత పొరపాటు ఉంటే అంతా తీగల నష్టంలోనో, పంపుల ఖాతాలోనో కలిసిపోతుంది. అంచనా పెంచితే నష్టం తగ్గినట్లు కనబడుతుంది, తగ్గిస్తే పెరిగినట్లు. 2020లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం శ్రీకాకుళం జిల్లాలో పంపులకు మీటర్లు పెట్టే ప్రయోగం మొదలుపెట్టింది. తెలంగాణ ప్రభుత్వం 2022లో పంపులకు మీటర్లు పెట్టబోమన్నది. మీటరు వస్తే వెనకనే బిల్లు వస్తుందని రైతు భయం. ఆ భయానికి కారణం లేదని ఎవరూ అనలేరు. అయితే గ్రిడ్ నిర్వాహకుని ప్రశ్న వరకే చూస్తే, నమూనాకు బదులు ప్రతి వ్యవసాయ ట్రాన్స్‌ఫార్మరుకూ ఒక మీటరు ఉంటే చాలు. అంచనా పోయి కొలత వస్తుంది, భారం తెలుస్తుంది, ఏ ట్రాన్స్‌ఫార్మరు కాలబోతున్నదో తెలుస్తుంది. పంపు పంపుకూ మీటరు కావలసింది గ్రిడ్‌కు కాదు, ఖాతాకు. ఈ రెండు అవసరాలనూ వేరువేరుగా రైతు ముందు పెట్టి ఉంటే చర్చ మరొక దారిన నడిచేదని నా నమ్మకం.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలోనే పరీక్షించి చూడవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు ముఖం మీద, ఒక యూనిటుకు ఎర్రదీపం ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ఒక నిమిషంలో 16 మిణుకులు లెక్కకు వస్తే, 16ను 3200తో భాగించి 60తో హెచ్చవేయగా 0.3, అంటే ఆ క్షణాన ఇంటి భారం 300 వాట్లు. నలభైమంది విద్యార్థులు ఒక ఆదివారం సాయంత్రం 5 గంటల నుంచి 10 గంటల వరకు, అరగంటకొకసారి ఒక్క నిమిషం చొప్పున తమ ఇంటి మీటరు మిణుకులు లెక్కపెట్టి రాసుకోవాలి. మీటరును గాని తీగలను గాని తాకకూడదు, దూరం నుంచి చూస్తే చాలు. సోమవారం నల్లబల్ల మీద నలభై వరసలు వేసి, నిలువునా కూడితే ఒక ఊహా ట్రాన్స్‌ఫార్మరు భారం వస్తుంది. ఒక్కొక్కరి గరిష్ఠాన్ని కూడి, ఆ మొత్తాన్ని నిలువు మొత్తాలలో పెద్దదానితో భాగిస్తే ఆ తరగతి వైవిధ్య గుణకం వస్తుంది. డిసెంబరులో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి చేసి రెండు గుణకాలనూ పక్కపక్కన రాయాలి. విద్యార్థులు రాసినది ఒక నిమిషపు కొలత, స్మార్ట్ మీటరు పంపేది అరగంట సగటు. ఈ తేడా వల్ల గుణకం పెరుగుతుందా, తగ్గుతుందా అన్నది తరగతిలో చర్చకు వదలవచ్చు.